ఆరుబయట గ్యాస్ ఫైర్ పిట్: ఎంపిక, అమరిక గురించి సలహాలు కావాలి

వసారా_పిట్ట:
అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక రాతి పలకలు పరిచిన ఖాళీ స్థలం ఉంది. పొడవు ఆరు మీటర్లు, వెడల్పు నాలుగు మీటర్లకు కాస్త పైన. దాని నడుమ కట్టెలు, పొగ, బూడిద లేకుండా మండే గ్యాస్ ఫైర్ పిట్ ఒకటి శాశ్వతంగా కట్టించుకోవాలని అనుకుంటున్నాను. దుకాణంలో చూపించినవన్నీ పైకి ఒకేలా ఉన్నాయి. తేడా ఏమిటని అడిగితే రాయి రంగు గురించి, అంచు ఆకారం గురించి చెబుతున్నారే తప్ప లోపల ఏముందో చెప్పేవారు లేరు. సిలిండర్ మీద నడిచేది తీసుకోవాలా, లేక వంటింటికి వచ్చే పైపు గ్యాస్ నుంచి పాయ తీయించుకోవాలా? పందిరి కింద పెట్టవచ్చా? పని మొదలుపెట్టే ముందు ఏమేమి తేల్చుకోవాలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

గొట్టాల_మేస్త్రి:
ముందు తేల్చుకోవలసింది ఇంధనం, తరువాత స్థలం, ఆఖరున అందం. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, ముచ్చటపడి కొన్న రాతి తొట్టిలో సరైన బర్నర్ ఇమడదని తెలిశాక మా వంటివారిని పిలుస్తారు.

పైపు గ్యాస్‌లో ఉండేది ప్రధానంగా మీథేన్. అది గాలికంటే చాలా తేలిక కనుక, లీకైనా ఆరుబయట పైకి లేచి త్వరగా చెదిరిపోతుంది. సిలిండర్‌లోని ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ దాదాపు రెండు రెట్లు బరువు. ఇవి లీకైతే నేల మీద పాకుతూ పల్లం వెతుక్కుని తొట్టి అడుగునో, దిగుడు మెట్ల గుంటలోనో, మురుగు నీటి జాలీ కిందనో నిలిచిపోతాయి. గాలిలో ప్రొపేన్ పాలు 2 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. మీథేన్ అంటుకోవాలంటే సుమారు 5 శాతం ఉండాలి. కాబట్టి సిలిండర్ గ్యాస్ అనుకుంటే మీ స్థలంలో నేలమట్టానికి దిగువన ఏమేమి ఉన్నాయో ముందుగా ఒకసారి నడిచి చూసుకోండి. మురుగు జాలీ పక్కన, నేలమాళిగ మెట్ల దగ్గర ఫైర్ పిట్ కట్టమంటే నేను కట్టను.

పందిరి విషయానికి వస్తే, పైకప్పు ఉండి చుట్టూ గాలి ధారాళంగా ఆడే చోట కొన్ని నమూనాలకు అనుమతి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. మంటకు, కప్పుకు మధ్య ఎంత ఎడం ఉండాలో తయారీదారు ఇచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది, అదే ప్రమాణం. అది దొరకని సరుకు కొనకండి. చుట్టూ తెరలు దించిన పందిరి, అద్దాలు బిగించిన వసారా, గుడారం వంటి చోట్ల మాత్రం ఏ నమూనా అయినా పనికిరాదు. గాలి చాలని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు.

నిప్పుకోడి:
మేస్త్రి గారు చెప్పినవాటికి తోడు, వేడి గురించి ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటి ఉంది. గ్యాస్ మంట ఇచ్చే వేడిలో అధిక భాగం వేడిగాలి రూపంలో నేరుగా ఆకాశంలోకి పోతుంది. కూర్చున్నవారికి అందేది మంట నుంచి, కాగిన రాళ్ల నుంచి ప్రసరించే వేడి మాత్రమే. బాగా ఎర్రబడిన కట్టెల నెగడుతో పోల్చుకుని కొంటే నిరాశ తప్పదు. అందుకే మంట పుట్టే మట్టం తొట్టి అంచుకు దగ్గరగా ఉండాలి. లోతైన తొట్టి అడుగున బర్నర్ పెడితే చూడటానికి బాగుంటుంది కానీ, వేడి అంతా తొట్టి గోడలకే పోతుంది.

బర్నర్ సామర్థ్యాన్ని కొందరు గంటకు ఇన్ని బీటీయూలు (వేడిని కొలిచే ప్రమాణం) అని, కొందరు కిలోవాట్లలో చెబుతారు. ఒక కిలోవాట్ అంటే గంటకు 3,412 బీటీయూలు. గంటకు 50,000 బీటీయూల బర్నర్ అంటే 14.7 కిలోవాట్లన్నమాట. కిలో ఎల్‌పీజీ సుమారు 13 కిలోవాట్ గంటల శక్తి ఇస్తుంది కనుక పూర్తి మంట మీద గంటకు కిలోకు పైగా గ్యాస్ ఖర్చవుతుంది. 10 కిలోల సిలిండర్ తొమ్మిది గంటల లోపే ఖాళీ అవుతుంది. వారంలో ఒకటి రెండు సాయంత్రాలు వెలిగించేవారికి ఇది భారం కాకపోవచ్చు. రోజూ వెలిగించాలనుకుంటే మాత్రం పైపు గ్యాస్‌కే నా ఓటు.

చలి ప్రదేశాల వారు ఇంకొకటి గమనించాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీలకు కాస్త దిగువనే మరుగుతుంది కనుక ఆ చలికి సిలిండర్‌లో ద్రవంగానే ఉండిపోతుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వరకూ ఆవిరవుతూనే ఉంటుంది. అలాగని ప్రొపేన్‌కు ఇబ్బందే లేదని కాదు. ఆవిరి కావడానికి కావలసిన వేడిని ద్రవం తన నుంచి, సిలిండర్ గోడ నుంచి లాక్కుంటుంది. చిన్న సిలిండర్‌కు పెద్ద బర్నర్ తగిలిస్తే కొంతసేపటికి సిలిండర్ కింది భాగంలో మంచు పట్టి మంట కుంగిపోయేది అందుకే.

వసారా_పిట్ట:
ఇద్దరికీ ధన్యవాదాలు. వంటింటి గోడ నుంచి నేను అనుకున్న చోటికి పన్నెండు మీటర్ల దూరం ఉంటుంది. అమ్మకందారు మాత్రం "ఒకే బర్నర్ రెండు గ్యాస్‌లకూ పనిచేస్తుంది, ఇప్పుడు సిలిండర్ పెట్టుకోండి, తరువాత పైపు తగిలించుకోవచ్చు" అంటున్నారు. అది నిజమేనా?

గొట్టాల_మేస్త్రి:
సగం నిజం. బర్నర్ ఉంగరం అదే కావచ్చు, కానీ దానికి గ్యాస్ అందించే జెట్, అంటే సన్నని రంధ్రం ఉన్న ముక్క, మార్చాలి. ఒకే పరిమాణం గ్యాస్‌లో, మీథేన్ కంటే ప్రొపేన్‌లో శక్తి సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ. దాని సరఫరా ఒత్తిడి కూడా ఎక్కువే కనుక ప్రొపేన్ జెట్ రంధ్రం చిన్నదిగా, పైపు గ్యాస్ జెట్ రంధ్రం పెద్దదిగా ఉంటాయి. పైపు గ్యాస్ జెట్‌కు సిలిండర్ తగిలిస్తే మసి కక్కుతూ, అదుపు తప్పేంత ఎత్తున మంట లేస్తుంది. దీనికి తిరగేసి చేస్తే మంట దీపంలా మిణుకుమంటుంది. పైగా ప్రొపేన్‌కు జెట్ దగ్గరే గాలిని కలిపే చిన్న గొట్టం ఒకటి ఉండాలి. దాని పక్క రంధ్రాలు తొట్టిలోని రాళ్ల కింద కూరుకుపోకుండా, బర్నర్ కూర్చునే పళ్లేనికి దిగువన శుభ్రమైన గాలి అందే చోట ఉండాలి. అమ్మకందారు చెప్పిన మార్పు వస్తువులు పెట్టెలోనే ఉన్నాయా, లేక తరువాత విడిగా కొనాలా అన్నది కాగితం మీద రాయించుకోండి.

పన్నెండు మీటర్ల దూరం అసాధ్యమేమీ కాదు, అయితే పైపు లావు లెక్క కట్టి వేయాలి. ఇళ్లలో పైపు గ్యాస్ చాలా తక్కువ ఒత్తిడితో వస్తుంది కనుక దూరం పెరిగేకొద్దీ, మలుపులు పెరిగేకొద్దీ ఆ కొద్ది ఒత్తిడీ కరిగిపోతుంది. పైన చెప్పిన 14.7 కిలోవాట్ల బర్నర్ అయితే దానికి గంటకు సుమారు 1.4 ఘనపు మీటర్ల గ్యాస్ అందాలి. వంటింటి పొయ్యి, నీళ్లు కాచే యంత్రం కూడా అదే సమయంలో మండుతున్నా సరిపోయేలా మీటరు సామర్థ్యాన్ని, పైపు వ్యాసాన్ని లెక్కించాలి. సన్నని పైపు వేస్తే ఫైర్ పిట్ వెలిగించినప్పుడల్లా వంటింట్లో మంట తగ్గుతుంది. మీటరుకు అవతల చేసే ప్రతి పనికీ గ్యాస్ సరఫరా సంస్థ అనుమతి, అర్హత పత్రం గల పనివాడు అవసరం. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు.

సిలిండరే అనుకుంటే రెగ్యులేటర్ మీద గంటకు ఎన్ని కిలోల గ్యాస్ ఇవ్వగలదో ముద్రించి ఉంటుంది, చదవండి. అది బర్నర్ అవసరం కంటే తక్కువైతే ఎంత ఖరీదైన ఫైర్ పిట్ అయినా ఆశించినంత మండదు.

ఇటుక_సున్నం:
కట్టడం గురించి నేను చెబుతాను. బర్నర్ పళ్లెం కింద ఒక గదిలాంటి ఖాళీ మిగులుతుంది. కవాటం, గొట్టం, మంట అంటించే పెట్టె ఉండేది అందులోనే. ఆ ఖాళీకి గాలి రంధ్రాలు లేకపోతే రెండు అనర్థాలు జరుగుతాయి. లీకైన గ్యాస్ అక్కడే పోగుపడుతుంది. పై నుంచి దిగే వేడికి గొట్టం, వైర్లు దెబ్బతింటాయి. అందుకే ఎదురెదురు గోడలకు కనీసం ఒక్కొక్క రంధ్రం వదలాలి. ఒక్కొక్కటి వంద చదరపు సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలని చాలా పుస్తకాలు అడుగుతాయి. సిలిండర్ గ్యాస్‌కు ఈ రంధ్రాలు నేలను ఆనుకుని ఉండాలి. అడుగు మట్టానికి జానెడు పైన పెట్టిన రంధ్రం ప్రొపేన్‌కు ఉన్నా లేనట్టే, ఎందుకంటే ఆ జానెడు లోతునా గ్యాస్ నిలిచే ఉంటుంది. పైపు గ్యాస్‌కైతే రంధ్రాలు పై వరుసలో వదలాలి. తరువాత ఇంధనం మార్చే ఆలోచన ఉన్నవారు కింద, పైన కూడా వదిలేస్తే ఇటుకలు పగలగొట్టే పని తప్పుతుంది.

లోపలి చట్రానికి చెక్క, జిప్సం పలక వాడకూడదు. ఇనుప చట్రానికి సిమెంటు పలక బిగించి దానిపై రాయి అతికించడం, లేదా నేరుగా ఇటుక కట్టి మంటకు దగ్గరగా ఉన్న లోపలి వరుసను మాత్రం అగ్ని ఇటుకతో కట్టడం మంచిది. మామూలు కాంక్రీటు లోపలి చెమ్మ వేడికి ఆవిరై, బయటికి దారి దొరకక పెచ్చులుగా ఎగిరిపడుతుంది. అంచు మీద పరిచే రాతి పలకను ఒకే ముక్కగా వేస్తే వ్యాకోచానికి చోటు లేక బీటలు వారుతుంది. నాలుగు ముక్కలుగా చేసి మధ్య సన్నని సందు వదలండి.

నీరు మరచిపోవద్దు. పళ్లెం అడుగున కన్నాలు, వాటి కింద కంకర పొర, ఆ నీరు బయటికి పోయే దారి లేకపోతే ఒక్క వానకే బర్నర్ మునుగుతుంది.

పొదరిల్లు:
గాలి రంధ్రాల విషయంలో నాకు చిన్న అభ్యంతరం ఉంది. నేలను ఆనుకుని అంతంత రంధ్రాలు వదిలితే ఎండుటాకులు, ఎలుకలు, పురుగులు లోపల కాపురం పెడతాయి. మా ఇంట్లో సన్నని దోమతెర బిగించాము, ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. మరీ అంత తెరిచి ఉంచడం అవసరమా?

గొట్టాల_మేస్త్రి:
అవసరమే. దోమతెర దుమ్ముతో, సాలెగూళ్లతో పూడుకుపోయినా బయటికి చూస్తే తెరిచినట్టే కనబడుతుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. సుమారు 6 మిల్లీమీటర్ల కన్నాలున్న తుప్పు పట్టని జల్లెడ బిగించి, తీసి కడిగేలా మరలు పెట్టుకుంటే ఎలుక దూరదు, గాలి ఆగదు. జల్లెడ తీగ ఆక్రమించిన చోటును తీసివేసి మిగిలిన ఖాళీనే రంధ్రం కొలతగా లెక్కించాలి.

పురుగులు అన్నారు కాబట్టి చెబుతున్నాను. ప్రొపేన్‌కు గాలి కలిపే గొట్టంలో సాలెపురుగులు గూడు కట్టడం చాలా తరచుగా జరిగే సంగతి. కొన్ని నెలలు వాడకుండా ఉంచిన ఫైర్ పిట్‌లో మంట ఒక్కసారిగా పసుపు రంగుకు తిరిగి, మసిగా మారినా, లేదా మంట పళ్లెం కిందే అంటుకున్నా ముందు అక్కడ చూడండి. గ్యాస్ కట్టి, చల్లారాక, సన్నని కుంచెతో తుడిస్తే పోతుంది.

ఉప్పుగాలి:
సముద్ర తీరంలో ఉండేవారి కోసం ఒక్క మాట. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ బర్నర్ ఉప్పు గాలికి చిన్న చిన్న గుంటలుగా తినుకుపోతుంది. 316 రకంలో మాలిబ్డినం కలుస్తుంది కనుక ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇత్తడి బర్నర్ దొరికితే ఇంకా నిశ్చింత. అమ్మేవారు "స్టెయిన్‌లెస్" అని ఊరుకుంటే, ఏ రకమో అడగాలి.

నిప్పుకోడి:
అంటించే పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదు. అగ్గిపుల్లతో అంటించేవి చవక, పాడైపోయే భాగాలు తక్కువ. మీట నొక్కితే వెలిగేవాటికి బ్యాటరీ, పెట్టె, వైర్లు అన్నీ వానకు, వేడికి ఓర్చుకోవాలి. దగ్గరే కూర్చుని మంటను గమనిస్తూ ఉండేవారికి అగ్గిపుల్ల రకం చాలదా అన్నది నా ప్రశ్న.

గొట్టాల_మేస్త్రి:
చాలదనే నా అభిప్రాయం, ఎందుకంటే ఎలా అంటించామన్నది చిన్న విషయం, ఆరిపోయినప్పుడు ఏం జరుగుతుందన్నదే పెద్ద విషయం. ఈదురుగాలికి మంట ఆరిపోతే, ఏ కాపలా లేని బర్నర్ గ్యాస్‌ను అలాగే వదులుతూ ఉంటుంది. థర్మోకపుల్ ఉన్నదానిలో రెండు లోహాలు కలిసే కొన మంటలో కాగినంతసేపు కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తు పుడుతుంది. ఆ కొద్దిపాటి విద్యుత్తే అయస్కాంత కవాటాన్ని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరి కొన చల్లారితే పట్టు సడలి, కొద్దిసేపట్లో కవాటం దానంతటదే మూసుకుంటుంది. బ్యాటరీ కూడా అక్కరలేదు. పిల్లలు తిరిగే ఇంట్లో, సిలిండర్ గ్యాస్ మీద నడిచే ఫైర్ పిట్‌కు ఇది లేకపోతే నేను చేయి పెట్టను. గాలి ఎక్కువున్న చోట బర్నర్ చుట్టూ గట్టిపరచిన గాజు పలకలు నిలబెట్టుకోవచ్చు. వాటి అడుగున గాలి దూరే సందు మాత్రం ఉంచండి.

అగ్గిపుల్ల రకమే ఉన్నవారు ముందు నిప్పు చూపించి, ఆ తరువాతే కవాటం నెమ్మదిగా తిప్పాలి. ముందు గ్యాస్ తెరిచి తరువాత నిప్పు వెతుక్కుంటే ఆలోగా పళ్లెం నిండా గ్యాస్ చేరి, అంటుకున్నప్పుడు భగ్గున లేస్తుంది. ఒకసారి అంటుకోకపోతే కవాటం కట్టి, కనీసం ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి.

వసారా_పిట్ట:
పైన పోయడానికి ఏటి ఒడ్డు గులకరాళ్లు వాడుకుందామని మా ఇంట్లోవారు అంటున్నారు. చూడటానికి నున్నగా, అందంగా ఉంటాయి. పర్వాలేదా?

ఇటుక_సున్నం:
వద్దు. ఏటి రాళ్ల పొరల్లో చిక్కిన నీరు వేడికి ఆవిరై రాయిని పేల్చేస్తుంది, ముక్కలు మనుషుల మీదికి ఎగురుతాయి. మామూలు గాజు పెంకులు కూడా అంతే. ఈ పనికి తయారైన గట్టిపరచిన గాజు గుళికలు, లావా రాళ్లు మాత్రమే వాడాలి. లావా రాయిలో గదులు గదులుగా ఖాళీ ఉంటుంది కనుక ఆవిరికి దారి దొరుకుతుంది, అయినా వానకు తడిసిన రోజున చిటపటలాడుతుంది. అటువంటప్పుడు మంట చిన్నగా పెట్టి, దూరంగా నిలబడి, ఆరే వరకూ ఓపిక పట్టాలి.

గాజు, లావా రెండింటిలో ఏది మేలంటే, గాజు మెరుపు రాత్రిపూట అందమే కానీ ప్రొపేన్ మంటకు గాలి సరిపోకపోతే వెంటనే మసిబారి ఆ అందం పోతుంది. లావా రాయి మసిని దాచుకుంటుంది. నేనైతే లావా రాయే వేస్తాను.

నిప్పుకోడి:
ఎంత మందాన పోస్తారన్నదీ ముఖ్యమే. బర్నర్ కనిపించకూడదని చాలామంది రాళ్లు గుట్టగా పోస్తారు. ప్రొపేన్ బరువైనది కనుక ఆ గుట్ట కింద చిక్కుకుని, అప్పుడప్పుడు టప్ టప్ అని పేలుతుంది. గాజు గుళికలైతే బర్నర్ మీద ఒకటి రెండు సెంటీమీటర్లు కప్పితే చాలు, అక్కడక్కడా బర్నర్ తొంగిచూసినా నష్టం లేదు. పెద్ద లావా రాళ్లయితే వాటి మధ్య సందులు వదిలి పేర్చాలి.

చల్లగాలి:
చర్చ మధ్యలో నా సమస్య చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లో కొత్తగా పెట్టించిన ఫైర్ పిట్ చక్కగానే మండుతోంది కానీ, మంట పెద్దది చేసినప్పుడల్లా కింది నుంచి సన్నగా ఈల వినిపిస్తోంది. చిన్నది చేస్తే ఆగిపోతుంది. లీకేమో అని సబ్బు నీళ్లు రాసి చూశాను, ఎక్కడా బుడగలు రాలేదు.

గొట్టాల_మేస్త్రి:
లీకు లేదని మీరే తేల్చారు కనుక కంగారు పడనక్కరలేదు. కవాటం నుంచి బర్నర్‌కు వెళ్లే ముడతల ముడతల లోహపు గొట్టమే ఈల వేస్తోంది. గ్యాస్ వేగంగా పోతున్నప్పుడు ఆ ముడతల అంచులకు తగిలి శబ్దం పుడుతుంది. గొట్టం బాగా వంగి ఉన్నా, అవసరం కంటే సన్నగా ఉన్నా మరింత పెరుగుతుంది. వంపులు విశాలంగా సవరించి చూడండి. తగ్గకపోతే ఒక పరిమాణం పెద్ద గొట్టం గానీ, లోపల నున్నగా ఉండే ఈల వేయని రకం గానీ వేయించుకుంటే పోతుంది.

వసారా_పిట్ట:
ఇంట్లో అందరం కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాము. పైపు గ్యాస్ పాయ తీయిస్తాము, సరఫరా సంస్థకు దరఖాస్తు పెట్టాము. పందిరికి దూరంగా, నాలుగు వైపులా తెరిచి ఉన్న చోటే కడతాము. బర్నర్‌కు థర్మోకపుల్, గోడలకు కిందా పైనా గాలి రంధ్రాలు, పైన లావా రాళ్లు. అంచు ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకుంటున్నాము, మంట మట్టం దానికి అరచేయి దిగువన వస్తుంది. పనివారు వచ్చినప్పుడు నేను దగ్గరుండి చూడవలసినవి ఏమైనా ఉన్నాయా?

గొట్టాల_మేస్త్రి:
మూడు చోట్ల కన్ను వేసి ఉంచండి. నేలలో పాతే పైపు పసుపు రంగు ప్లాస్టిక్‌ది అయితే అది నేల దాటి పైకి రాకూడదు. నేలలోంచి లేచే భాగం లోహంతో ఉండాలి. ప్లాస్టిక్ పైపు పక్కనే ఒక రాగి తీగ పరిపిస్తే రేపు ఎవరైనా తవ్వేటప్పుడు పైపు జాడ కనిపెట్టవచ్చు. పూడ్చే ముందు లోతు కొలిచి, నాలుగు ఫొటోలు తీసి దాచుకోండి.

మరలు బిగించేటప్పుడు నీటి గొట్టాలకు చుట్టే పలుచని తెల్ల టేపు వాడుతుంటే ఆపండి. గ్యాస్‌కు మందపాటి పసుపు టేపు గానీ, గ్యాస్ కోసమే తయారైన పేస్టు గానీ వాడాలి. అదీ సన్నబడే మరలకే. లోహం లోహంతో ఒరిసి మూసుకునే ఫ్లేర్ అతుకులకు ఏ టేపూ అక్కరలేదు, చుడితే అక్కడే కారుతుంది.

చివరిగా, పైపును పూడ్చకముందే, బర్నర్ తగిలించకముందే, గాలి నింపి ఒత్తిడి కొలిచే పరీక్ష మీ ఎదుట జరిపించండి. ముల్లు ఎక్కడుందో మీరే రాసుకుని, వారు చెప్పిన వ్యవధి ముగిశాక మీరే చదవండి. బర్నర్ బిగించాక ప్రతి అతుకుకూ సబ్బు నురగ రాయించి, చేతి దీపం వెలుగులో అడుగు వైపు కూడా చూడాలి, ఎందుకంటే బుడగలు తరచుగా కనబడేది కంటికి అందని ఆ వైపే. ఫైర్ పిట్‌కు దూరంగా, మంట ఎంత పెద్దదైనా చేయి చాచి తిప్పగలిగే చోట, అత్యవసర కవాటం ఒకటి ఉండి తీరాలి. దానికి తాళం చెవిలాంటి పిడి వస్తే అది ఎక్కడ వేలాడుతుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

వసారా_పిట్ట:
అర్థమైంది. అత్యవసర కవాటాన్ని వెనుక తలుపు పక్కన గోడకు పెట్టిస్తాను, అక్కడి నుంచి ఫైర్ పిట్ పూర్తిగా కనిపిస్తుంది. ఒత్తిడి పరీక్ష జరిగిన రోజున ఫలితం ఇక్కడే రాస్తాను.